కాటన్ దొరయు నల్లరేగడి నేలయు

కృష్ణానది బెజవాడయొద్ద రెండు కొండల నడుమనుండి వెలువడి, ఆగ్నేయముగా సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి, పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలును. ఆ పాయలకును సముద్రమునకును నడుమ నున్న పల్లపు సీమయే దివిసీమ. అందు ముఖ్యమైన ఊరు అవనిగడ్డ. అవని యనగా భూమి. గడ్డ యనగా మట్టిపెళ్ల. నేలను గూర్చి చెప్పుకొనుటకు ఇంతకంటె తగిన పేరుగల ఊరు అరుదు.

వరికోతలు ముగిసి, మినుములు, పెసలు ఇల్లు చేరిన పిమ్మట, నడివేసవిలో ఆ పొలములను చూచినవారికి నేల నోరు తెరచినట్లు కనబడును. చేయి దూరునంత వెడల్పు గల నెఱ్ఱెలు గట్టునుండి గట్టువరకు వ్యాపించియుండును. అప్పుడు గునపము వేసినను మన్ను లొంగదు. తొలకరి కురిసిన కొలది దినములకే ఆ నెఱ్ఱెలు పూడిపోవును. నేల ఉబ్బి, జిగురై, నడచువాని పాదములకు పెళ్లలు పెళ్లలుగా అంటుకొనును. ఎండినప్పుడు ఇనుము, తడిసినప్పుడు మైనము. ఇదియే నల్లరేగడి. తెలుగు రైతులు పలుకు ఈ రేగడ యను మాటనే ఆంగ్లేయులు రేగర్ అని వ్రాసికొనిరి. ఆ నేల ప్రత్తికి ప్రసిద్ధి చెందినది కావున నల్లప్రత్తి నేల యనియు వారు దానిని పిలిచిరి. ప్రత్తికి ఆంగ్లమున కాటన్ అని పేరు. ఈ నేలలకు నీరు తెచ్చుటకై జీవితమంతయు పాటుపడిన ఇంజనీరు పేరును కాటనే యగుట వింతయైన కాకతాళీయము.

ఆ మహనీయుని చరిత్ర తెలిసికొనుటకు ముందు ఆ నేల స్వభావమును కొంత తెలిసికొనుట అవసరము. కృష్ణానది పడమటి కనుమలలో మహాబలేశ్వరమునొద్ద పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు నడచి సముద్రమున కలియును. దారిలో దక్కను పీఠభూమియందలి నల్లరాతిని, ఆ రాయి చివికి యేర్పడిన నల్లమట్టిని కడిగి తనతో తెచ్చును. బెజవాడ దాటి మైదానమున ప్రవేశించగానే నది వేగము తగ్గును. వరదకాలమున గట్టులు పొర్లినప్పుడు బరువైన ఇసుకయు ఒండ్రును నదికి దగ్గరలోనే పడిపోవును. మిగుల సన్నని బంకమన్ను మాత్రము నిలువనీటితో దూరముగా పోయి, మెల్లగా అడుగున పేరుకొనును. వేలకొలది సంవత్సరము లిట్లు జరుగుటచే నదీతీరము ఎత్తయ్యెను. నదికి దూరమైన భూమి పల్లమయ్యెను. డెల్టాలో నది లోయయందు గాక, తాను కట్టుకొన్న దిబ్బ నెత్తిమీద ప్రవహించుచుండును.

ఈ కారణముచేతనే కృష్ణాడెల్టాయందు నేలలు ఒకే తీరుగా లేవు. నది యొడ్డునను లంకలలోను తేలికయైన ఒండ్రునేల యుండును. కూరగాయలు, పసుపు, అరటి వంటివి అందు బాగుగా పండును. గుడివాడవైపు పల్లములలో బరువైన నల్లబంక పరచుకొనియుండును. బందరు, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సముద్రమునకు సమీపించినకొలది ఇసుకయు ఉప్పును ఎక్కువగును. ఉప్పు పైకి పొంగి తెల్లగా పూచిన నేలను రైతులు చవుడు అందురు. రేగడ, ఒండ్రు, ఇసుక, చవుడు అను ఈ విభాగములను రైతు తన కాలితోను, నాగలితోను, పంటతోను పరీక్షించి యేర్పరచుకొనెను. తరువాత మద్రాసు రాజధానిలో భూమిశిస్తు నిర్ణయించిన అధికారులును నేలలను ఒండ్రు, రేగడ, ఎఱ్ఱనేల, ఇసుకనేల యని విభజించి, ఒక్కొక్కదానిలో బంక యెంత, ఇసుక యెంత యని తిరిగి తరగతులు చేసిరి. నేల యే తరగతిలో పడునో దానినిబట్టి రైతు చెల్లింపవలసిన పన్ను ఉండెను.

నల్లరేగడిలో సగమునకు అటునిటుగా బంకమన్నే యుండును. ఆ బంకలోని సూక్ష్మకణములు పుస్తకములోని పుటలవలె పలుచని పొరలుగా పేర్చబడియుండును. తడిసినప్పుడు ఆ పొరల నడుమకు నీరు చొచ్చి అవి ఎడమగును. అందుచే నేల ఉబ్బును. ఎండినప్పుడు నీరు పోయి పొరలు దగ్గరకు వచ్చును. అందుచే నేల ముడుచుకొని పగులును. పైనున్న పొడిమన్ను ఆ పగుళ్లలో రాలిపడును. మరల వానలు కురిసినప్పుడు అడుగున చేరిన మన్ను ఉబ్బి పైమన్నును త్రోయును. ఇట్లు ఏటేట అడుగుమన్ను పైకి, పైమన్ను అడుగుకు మారుచుండుటచే దీనిని తనను తాను దున్నుకొను నేల యని చెప్పుదురు. నల్లగా నున్నంతమాత్రమున ఇందు కుళ్లిన ఆకుల సారము మెండుగా నున్నదని భ్రమపడరాదు. రష్యాదేశపు గడ్డిమైదానములలోని నల్లనేలకు ఆ రంగు ముఖ్యముగా కుళ్లిన గడ్డివలన వచ్చినది. మన రేగడిలో అట్టి సారము తక్కువ. నత్రజనియు భాస్వరమును చాలవు. సున్నపుపాలు మాత్రము సాధారణముగా సమృద్ధిగా నుండును. ఈ నేలకుగల గొప్ప బలము నీటిని పట్టి నిలుపుకొనుట.

అట్టి బలముగల నేలమీదనే 1833 వ సంవత్సరమున మనుష్యులు ఆకలితో మరణించిరి. నందన నామ సంవత్సరమున ప్రారంభమైన కావున దానికి నందన కరవు అని పేరు వచ్చెను. బక్కచిక్కినవారి ప్రక్కటెముకలు చూచి డొక్కల కరవు అనియు అనిరి. గుంటూరు మండలమున సుమారు ఐదు లక్షల జనములో రెండు లక్షలమంది వరకు నశించిరని లెక్కలు తెలుపుచున్నవి. బందరు ప్రాంతమును ఆ కరవువాత పడెను. ఆ దినములలో సయితము కృష్ణయందు నీరు ప్రవహించుచునే యుండెను. పల్లెలప్రక్కనుండి నీరు సముద్రమునకు పోవుచుండగా, ఒడ్డుననున్న నేల పగిలిపోవుచుండెను. నేలయందు సారము కలదు, నదియందు నీరు కలదు. ఆ రెంటిని కలుపు ఉపాయము మాత్రము లేకుండెను.

ఆ ఉపాయమునకై శ్రమించిన ఆర్థర్ థామస్ కాటన్ 1803 వ సంవత్సరము మే నెల 15 వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. హెన్రీ కాల్వెలీ కాటన్ అనునాయనకు గల పదునొకండుగురు కుమారులలో ఆర్థర్ పదవవాడు. పెద్ద కుటుంబమగుటచే కొడుకులు తమ జీవనమును తామే వెదకికొనవలసియుండెను. ఆర్థర్ పదునైదవయేట తూర్పు ఇండియా వర్తకసంఘమువారి సైనికవిద్యాలయమున చేరి, 1819 లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము సంపాదించెను. 1821 లో ఇండియాకు వచ్చునప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. మొదట తమిళదేశపు చెరువుల శాఖలో పనిచేసి, పాంబన్ జలసంధిని సర్వే చేసెను. 1824 లో బర్మాయుద్ధము రాగా అచ్చటికి పోయి సైనికుడుగా పనిచేసెను.

యుద్ధమునుండి తిరిగివచ్చిన పిమ్మట 1828 లో ఆయనకు కావేరీనది పని అప్పగింపబడెను. ఆయన నిజమైన విద్యాభ్యాసము అచ్చటనే జరిగినది. కావేరి నీరు చాలవరకు కొల్లడమను పాయలోనికి పోవుటచే తంజావూరు పొలములు ఎండుచుండెను. పాయకు అడ్డముగా ఆనకట్ట కట్టవలెను. కాని నది అడుగున రాయి లేదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. ఇసుకమీద కట్టడము నిలుచునా యని ఇంజనీర్లు సంశయించిరి. కాటన్ తన పాఠ్యగ్రంథములను ప్రక్కనబెట్టి, ఆ నదిమీదనే ప్రాచీనులు నిర్మించిన కల్లణై యను ఆనకట్టను పరీక్షించెను. కరికాలచోళుడు కట్టించెనని చెప్పబడు ఆ కట్టడము ఇసుకమీదనే శతాబ్దములుగా నిలిచియుండెను. వదులైన ఇసుకలో పునాది యెట్లు వేయవలెనో తాను ఆ పూర్వులయొద్దనే నేర్చుకొంటినని ఆయన తరువాత మనస్ఫూర్తిగా ఒప్పుకొనెను. ఇటుకబావులను ఇసుకలో దించి వానిపై కట్టడము లేపు దేశీయపద్ధతిని గ్రహించి, 1836 నాటికి కొల్లడముమీద రెండు ఆనకట్టలు పూర్తి చేసెను. పరదేశమునుండి వచ్చిన పాలకులలో స్థానికుల పనితనమును ఇట్లు గౌరవించినవారు తక్కువ.

ఎడతెగని శ్రమచే కాటన్ ఆరోగ్యము చెడెను. ఆయన సెలవుపై ఆస్ట్రేలియా ఖండమునకు దక్షిణముననున్న టాస్మేనియాద్వీపమునకు పోయెను. 1841 లో అచ్చట ఎలిజబెత్ లెర్మంత్ అను కన్యను వివాహమాడి, కొంతకాలమునకు తిరిగివచ్చి విశాఖపట్టణమున ఉద్యోగమున ప్రవేశించెను. 1844 లో గోదావరీ మండలపు దుస్థితిని పరిశీలింపవలసిన పని ఆయనకు వచ్చెను. కరవులచేతను తుపానులచేతను ఆ మండలము నాడు దీనావస్థలో నుండెను.

కాటన్ ఆ భూమినంతయు తిరిగి, దాని వాలు కొలిచెను. డెల్టాలో నదియే ఎత్తైనచోట ప్రవహించుచున్నదని గ్రహించెను. డెల్టా తలభాగమున నీటిని కొన్ని అడుగులు పైకెత్తి కాలువలలోనికి మళ్లించినచో, ఏ యంత్రసహాయమును లేకయే నీరు తనంతట తానే పొలములకు పల్లమెఱిగి పోవునని ఆయన నిశ్చయించెను. 1847 లో ధవళేశ్వరమున పని ప్రారంభమయ్యెను. వేలకొలది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు రాళ్లు కొట్టి, సున్నము కాల్చి, నదీగర్భమున శ్రమించిరి. వీణెం వీరన్న యను తెలుగు ఉద్యోగి కాటనునకు కుడిభుజమై నిలిచెను. 1852 లో ఆ ఆనకట్ట పూర్తియయ్యెను.

కృష్ణకును ఆనకట్ట కట్టవలెనను ఆలోచన కాటన్ కంటె ముందే కొందరు ఇంజనీర్లకు కలిగెను. కాని ధనము వెచ్చించుటకు వర్తకసంఘమువారు చాలకాలము సంకోచించిరి. కాటన్ ఆ పనిని బలపరచుచు పట్టుదలతో వాదించెను. గోదావరిపై పని సాగుచున్నకొలది ఆ వాదమునకు బలము కలిగెను. బెజవాడయొద్ద ఇంద్రకీలాద్రికిని ఎదుటనున్న సీతానగరము కొండకును నడుమ నది ఇరుకగును. దాని దిగువనే డెల్టా ఆరంభమగును. అంతకంటె అనుకూలమైన స్థలము లేదు. 1852 లో పని ప్రారంభించి, కెప్టెన్ ఆర్ అను ఇంజనీరు దగ్గరనుండి నడిపి, 1855 నాటికి ఆనకట్టను పూర్తిచేసెను. ఈ కీర్తిలో ఆర్ కును, పేరు తెలియని వేలకొలది కూలీలకును భాగము కలదు.

కాలువనీరు రాగానే నల్లబంకనేల స్వభావము వరముగా మారెను. వరిచేనికి నీరు నిలిచియుండవలెను. ఇసుకనేలలో పోసిన నీరు క్రిందికి ఇంకిపోవును. రేగడనేల తడిసి ఉబ్బిన పిమ్మట రంధ్రములు మూసికొని నీటిని క్రిందికి పోనీయదు. కావున మడిలో పెట్టిన నీరు మడిలోనే నిలుచును. గుడివాడ, బందరు ప్రాంతములలో వరి విస్తారముగా సాగయ్యెను. ఆ కాలువలమీదనే పడవలు ధాన్యమును మోసికొనిపోయెను. నాడు ఆ కాలువలు దివిసీమకు మాత్రము చేరలేదు. రెండు పాయల నడుమనున్న ఆ గడ్డ మరి యర్ధశతాబ్దము వాననే నమ్ముకొని యుండెను.

ఇంతవరకు కాటన్ పట్టిన పని యెల్ల సఫలమయ్యెను. కాని నేల అన్నిచోట్ల ఒకే సమాధానము చెప్పదని ఆయన మరియొక పని తెలిపినది. డెల్టాలు రెండును పచ్చబడుట చూచి, ఆయన రాయలసీమవైపు దృష్టి మరల్చెను. తుంగభద్రమీద సుంకేసులయొద్ద ఆనకట్ట కట్టి, కర్నూలునుండి కడపవరకు కాలువ త్రవ్వించి, నీరు పారించుటయేగాక పడవలును నడపవలెనని ఆయన ఆలోచన. ఆ పనికై ఇంగ్లండులో ఒక కంపెనీ యేర్పడెను. దాని మూలధనముపై ఐదు శాతము వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చెను. 1863 మొదలుకొని కొన్ని సంవత్సరములు పని సాగెను. అనుకొన్నదానికంటె వ్యయము మిక్కిలి పెరిగెను. కట్టడములలో లోపములును కనబడెను. అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది మరియొకటి: కాలువ వచ్చినను చాలమంది రైతులు నీరు పెట్టుకొనలేదు.

ఆ రైతులు మూఢులు కారు. వారి మెట్టపొలములును నల్లరేగడియే. కాని వారి సేద్యము వేరు. వానకాలమంతయు ఆ నేల నీరు త్రాగి తన గర్భమున దాచుకొనును. వానలు వెనుకబట్టిన పిమ్మట రైతు అందు జొన్నయో ప్రత్తియో విత్తును. పైన వాన లేకున్నను, దాచిన చెమ్మతో, రాత్రిమంచుతో ఆ పైరు పండును. అట్టి పొలమున కాలువనీరు వదలినచో నేల ఉబ్బి మూసికొనును. వేళ్లకు గాలి యాడదు. నీరు నిలిచి పైరు కుళ్లును. అడుగునున్న ఉప్పు నీటితోపాటు పైకి వచ్చి నేల చవుడుబారును. పైగా నీటికి పన్ను చెల్లింపవలెను. అందుచే కరవు వచ్చిన సంవత్సరములలో తప్ప రైతులు ఆ నీటిని కోరలేదు. కంపెనీ నష్టపడి, 1882 లో ప్రభుత్వము ఆ కాలువను కొని తన వశము చేసికొనెను.

నీటిని క్రిందికి పోనీయకుండుట యను గుణము డెల్టాలో వరికి మేలయ్యెను. అదే గుణము కర్నూలు మెట్టలో జొన్నకు కీడయ్యెను. కాబట్టి బంక యెంత, ఇసుక యెంత యని చూచి నేలకు పేరు పెట్టినంత మాత్రమున చాలదు. అది పల్లముననున్నదా మెట్టననున్నదా, లోతెంత, వానయెంత, మిగిలిన నీరు పోవుటకు దారి కలదా యని విచారింపవలెను. రష్యాదేశమున వసీలీ దొకుచాయెవ్ అను పండితుడు 1883 లో తన దేశపు నల్లనేలను గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. నేల వట్టి రాతిపొడి కాదనియు, శీతోష్ణస్థితి, మూలశిల, జీవజాలము, భూమియొక్క ఎత్తుపల్లములు, కాలము అను ఐదును కలిసి నేలను రూపొందించుననియు ఆయన నిరూపించెను. ఈ శతాబ్దమున శాస్త్రజ్ఞులు పాటించు వర్గీకరణమునకు అదియే పునాది. నెఱ్ఱెలువిచ్చి తన్ను తాను తిరుగవేసికొను బంకనేలలను వారు వెర్టిసాల్ అను ఒక వర్గముగా చేర్చిరి. తిరుగవేయుట యను అర్థముగల లాటిన్ మాటనుండి ఆ పేరు పుట్టినది. అమెరికాలో టెక్సాస్ గడ్డిమైదానమునందలి మెట్టలమీద నున్న నల్లనేలయు ఆ వర్గములోనిదే. కర్నూలు మెట్టరైతుకు ఆ పేరు తెలియదు. ఆ గుణము మాత్రము అతనికి తాతలనాడే తెలియును.

కాటనునకు 1861 లో సర్ బిరుదము లభించెను. ఉద్యోగము విరమించి స్వదేశము చేరినను ఆయన మనస్సు ఇండియా నదులమీదనే యుండెను. ఆ కాలమున ప్రభుత్వము కాలువలకంటె రైలుమార్గములకే విశేషముగా ధనము వెచ్చించుచుండెను. రైలు ధాన్యమును మోయునే కాని పండింపలేదనియు, కాలువ పండించుటయు మోయుటయు రెండును చేయుననియు ఆయన వాదించెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున మహాక్షామము సంభవించి లక్షలమంది మరణించిరి. గోదావరి, కృష్ణ డెల్టాలు ఆ విపత్తును చాలవరకు తప్పించుకొనెను. 1878 లో ఆంగ్ల పార్లమెంటువారు నియమించిన ఉపసంఘము ఎదుట కాటన్ తన పక్షమును వినిపించెను. ఇండియా నదుల నన్నిటిని కాలువలతో కలుపవలెనను ఆయన మహాసంకల్పమును ప్రభుత్వము స్వీకరింపలేదు. వ్యయమును తక్కువగా, లాభమును ఎక్కువగా ఊహించునని ప్రతిపక్షులు ఆయనను విమర్శించిరి. కర్నూలు కాలువను వారు దృష్టాంతముగా చూపిరి. ఆ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. కాని పచ్చని డెల్టాల సాక్ష్యమును త్రోసివేయగలవారును లేకపోయిరి.

వార్ధక్యమున కాటన్ ఇంగ్లండులో డోర్కింగ్ అను ఊర నివసించెను. వృద్ధుడైనను ఊరకుండక, తన తోటలో గోధుమ పండించుచు నేలను గూర్చి పరీక్షలు చేసెను. మామూలుగా నాగలి తాకని లోతువరకు నేలను త్రవ్వించి గుల్లచేయించి, గాలియు వెలుతురును అడుగుమన్నునకు తగులునట్లు చేసినచో పంట పెరుగునని ఆయన నమ్మకము. జీవితమంతయు నీటిని గూర్చి ఆలోచించిన ఇంజనీరు చివరకు మట్టియొద్దకు వచ్చి శిష్యుడయ్యెను. ఆయన పారతో చేయింపదలచిన పనిని దివిసీమ రేగడి ప్రతి వేసవియందును నెఱ్ఱెలు విచ్చి కొంతవరకు తనంతట తానే చేసికొనుచుండును. 1899 వ సంవత్సరము జూలై నెల 24 వ తేదీన, తొంబదియారేండ్ల వయస్సున, కాటన్ డోర్కింగులోనే పరమపదించెను. మరుసటి సంవత్సరమున ఆయన కుమార్తె తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను.

ఆయన మరణానంతరము, ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దమున, దివిసీమకు నీరందింప ప్రభుత్వము పూనుకొనెను. నది యొడ్డున డీజిలు ఇంజనులు నిలిపి, కృష్ణనీటిని తోడి కాలువలకు ఎత్తిపోసిరి. తరువాత పులిగడ్డయొద్ద నదీపాయమీదుగా వంతెనవంటి నీటితొట్టి కట్టి, కాలువనే ఆవలి గట్టునకు దాటించిరి. అవనిగడ్డ చుట్టుపట్ల పొలములకు నీరు ఆ మార్గముననే చేరుచున్నది. బెజవాడ పాత ఆనకట్టకు 1952 లో గండి పడెను. దాని స్థానమున 1957 నాటికి ప్రకాశము బ్యారేజి నిర్మింపబడెను. దానిక్రింద పన్నెండు లక్షల ఎకరములకు పైగా భూమి సాగగుచున్నది. ధవళేశ్వరమునందలి క్రొత్త బ్యారేజికి కాటన్ పేరే పెట్టిరి.

నీరు వచ్చినంతమాత్రమున నేల కష్టములు తీరలేదు. బంకనేలకు నీరు పెట్టుట యెంత ముఖ్యమో, మిగిలిన నీరు తీయుట యంత ముఖ్యము. మురుగుకాలువలు పూడిపోయినచోట నీరు నిలిచి, ఉప్పు పైకి తేలి, బంగారమువంటి పొలములు చవుడుబారును. సముద్రతీరమున ఈ భయము మరింత హెచ్చు. 1977 నవంబరు 19 వ తేదీన వచ్చిన తుపానులో సముద్రము దివిసీమమీదికి పొంగి వేలమంది ప్రాణములను హరించెను. పొలములను ఉప్పునీటితో ముంచెను. నేలలోని ఉప్పు పోవలెనన్న మంచినీటితో మరల మరల కడిగి, ఆ నీటిని మురుగుకాలువలద్వారా బయటకు పంపవలెను. వేసవిలో నదియందు మంచినీరు తగ్గినప్పుడు సముద్రపునీరు పాయలలోనికి ఎగదన్నును. కాలువ చివరి గ్రామమువరకు నీరు చేరవలెనని రైతులు కోరుట దాహముకొరకు మాత్రమే కాదు. తమ నేలను ఉప్పునుండి కాపాడుకొనుటకును.

కాటన్ పరదేశపాలకుల ఉద్యోగి. ఆయన కట్టిన ఆనకట్టలవలన ఆ పాలకుల బొక్కసమునకును లాభము కలిగెను. అయినను ఆకలితో చచ్చుచున్నవారిని చూచి, లెక్కలు చూపి, అధికారులతో పోరాడి, నీటిని నేలకు చేర్చినవాడగుటచే తెలుగు రైతులు ఆయనను తమవానిగా తలచిరి. డెల్టా గ్రామములలో పెక్కుచోట్ల ఆయన విగ్రహములు నిలిచియున్నవి. ఆయన జయమునకు కారణము భూమివాలును కొలిచి, పూర్వుల కట్టడములను చూచి నేర్చుకొనుట. ఆయన అపజయమునకు ఒక కారణము మెట్టరేగడి రైతు తన నేలను గూర్చి యెఱిగిన సంగతిని ముందుగా విచారింపకపోవుట. నేలకు మేలు చేయదలచినవారు దాని వాలును కొలువవలెను. దాని గుణము నెఱుగవలెను. దానిని దున్నువాని మాటయు వినవలెను.